‘బేబీ టేకు’ అని పంపారు, కోస్తే దాని కడుపులో బేబీ ఉంది: చేపల యాప్‌కి రెండు స్టార్లు

రెండు స్టార్లిచ్చాను. అందులో ఒకటి డెలివరీ అబ్బాయికి, ఆ రోజు మా అపార్ట్‌మెంట్లో లిఫ్ట్ పాడైతే నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చి కూడా మొహం చిట్లించకుండా కవరు చేతికిచ్చాడు. రెండోది వాళ్ళ వంజరం ముక్కలకి, అవి మాత్రం నిజంగా బాగుంటాయి, ఏడాదిగా తెప్పిస్తున్నాం, ఒక్కసారి కూడా వంక పెట్టే పని పడలేదు. మిగతా మూడు స్టార్లు ఎందుకు కోసేశానో చెప్పడానికే ఇదంతా. యాప్ పేరు రాయట్లేదు, ఇంతకుముందు ఇంకో కంపెనీ పేరు పెట్టి రాస్తే రివ్యూ తీసెయ్యండి మేడమ్ అని వారం రోజులు ఫోన్ల మీద ఫోన్లు, ఆ గోల నాకొద్దు. వైజాగ్‌లో చేపలు ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు వాడేవాళ్ళకి విషయం అర్థమైతే చాలు.

అసలేం జరిగిందంటే, మా ఆడపడుచు డెలివరీ అయ్యి మా ఇంట్లోనే ఉంది, ఇరవై రోజుల బాలింత. మా అత్తగారిది భీమిలి దగ్గర, ఆవిడ లెక్కలో బాలింతకి పాలు పడాలంటే పాలసొర, అది దొరక్కపోతే టెంకి, అంతే, మూడోది లేదు. (టెంకి అంటే టేకు చేపే, స్టింగ్‌రే. మేం టేకు అంటాం, ఆవిడ టెంకి అంటారు.) ఉడకబెట్టి, తోలు ఒలిచి, పొడిపొడిగా విదిపి, వెల్లుల్లి ఇంత వేసి పిట్టు చేస్తారు కదా, అది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, జూన్ 14తో అయిపోయింది, బోట్లు మళ్ళీ వెళ్ళాయి, ఇప్పుడు దొరుకుతాయే అని ఆవిడ రోజూ గుర్తు చేస్తున్నారు. నాకేమో పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళే ఓపిక లేదు, పసిపిల్ల రాత్రంతా పడుకోనివ్వదు, అందుకని యాప్ ఓపెన్ చేశా.

పాలసొర లేదు. కానీ ‘బేబీ స్టింగ్‌రే’ అని కొత్తగా పెట్టారు, అరిటాకు మీద ప్లేటంత చేప, పక్కన నిమ్మచెక్క, ‘హోల్, క్లీన్డ్, టెండర్ మీట్, బోన్‌లెస్’ అని రాసి అరకిలో 289 రూపాయలు. బోన్‌లెస్ ఏంటి, క్లీన్ చేస్తే హోల్ ఎలా అవుతుంది అనే అనుమానం అప్పుడే రావాల్సింది, నిద్రలేమి, రాలేదు. రెండు ప్యాక్‌లు పెట్టేశా. స్లాట్ తొమ్మిది నుంచి పది. వచ్చింది ఒంటిగంట నలభైకి.

ముందు వాసన సంగతి. కవరు విప్పగానే ఇంటిల్లిపాదీ ముక్కు మూసుకున్నారు, మురిగిన చేప వాసన కాదు అది, రైల్వే స్టేషన్లో బాత్రూం పక్కన వచ్చే ఘాటు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘మేడమ్, రే ఫిష్‌కి నేచురల్‌గానే అమ్మోనియా స్మెల్ ఉంటుంది’ అన్నారు. సగం నిజం, సగం టోపీ. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ, అదే విప్పి చెప్పింది: సొరలూ టేకులూ ఒంట్లో యూరియా ఉంచుకుంటాయట, సముద్రం ఉప్పు తమలోంచి నీటిని లాగేయకుండా. మనం ఒంటేలుకి వెళ్ళి వదిలించుకునే సరుకుని అవి రక్తంలోనూ కండలోనూ దాచుకుంటాయన్నమాట. చేప బతికున్నంతసేపూ, చచ్చాక మంచులో ఉన్నంతసేపూ దానివల్ల వాసనేం ఉండదు. మంచు కరిగి వేడి తగిలితే బాక్టీరియా ఆ యూరియాని అమ్మోనియా చేసేస్తుంది, అదీ ఘాటు. అంటే ఆ వాసన పుట్టుకతో వచ్చిందే కావచ్చు గానీ బయటపడిందంటే మాత్రం మీ ఐస్ ఎక్కడో కరిగిపోయిందనే అర్థం బాబూ. మా కవర్లో ఐస్ ముక్క లేదు, గోరువెచ్చని నీళ్ళున్నాయి. తాజా టేకుకి ఆ ఘాటు అసలు ఉండదని ఆ తర్వాత హార్బర్లో నా ముక్కుతో నేనే చూశా, అది తర్వాత చెప్తా.

ఇంక రెండోది, ఇది సీరియస్. కవర్లో నీళ్ళు కారుతున్నాయని మా ఆయన కింద చెయ్యి పెట్టి ఎత్తారు, ‘అబ్బా’ అని వదిలేశారు. చూస్తే కవరు చీల్చుకుని అగ్గిపుల్ల కంటే కాస్త పొడుగున్న ముల్లు బయటికొచ్చింది, బొటనవేలు కింద గుచ్చుకుంది. తోక తియ్యలేదు! క్లీన్డ్ అన్నారు, తోకా దాని మీద ముల్లూ అలాగే ఉంచి ప్యాక్ చేసేశారు. ఈ ముల్లు తోక చివర ఉండదు, మొదలుకి దగ్గర్లో పైన ఉంటుంది, పంటి లాంటి గట్టి పదార్థం, రెండంచుల వెంబడీ రంపపు పళ్ళు, అవి కూడా వెనక్కి తిరిగి ఉంటాయి, అందుకే దిగేటప్పుడు సులువుగా దిగి లాగేటప్పుడు కండని పీక్కొస్తుంది. అడుగున రెండు గాడులు, వాటిల్లో విషం తయారుచేసే కణాలు, పైన పల్చటి తోలు తొడుగు. గుచ్చుకుంటే తొడుగు చిరిగి విషం గాయంలో కలుస్తుంది. చేప చచ్చిపోయినా ముల్లు పనితనం పోదు, ఆ సంగతి మా ఆయన వేలే చెప్పింది, ఐదు నిమిషాల్లో ముంజేతి దాకా లాగుతోందని గిలగిల్లాడిపోయారు.

అత్తగారు ఒక్క క్షణం కంగారుపడలేదు. బకెట్లో వేణ్ణీళ్ళు పట్రా, చెయ్యి పెట్టగలిగినంత వేడి, అంతకంటే వద్దు అన్నారు. గంటసేపు మా ఆయన బకెట్లో చెయ్యి పెట్టుకుని క్రికెట్ చూశారు, చల్లారినప్పుడల్లా నేను మళ్ళీ పోస్తూ. నొప్పి నిజంగానే దిగింది. సాయంత్రం డాక్టర్ దగ్గరికెళ్తే ఆయన కూడా చేసింది కరెక్టే అన్నారు, ఆ విషం ప్రొటీన్, వేడికి పాడవుతుంది, 45 డిగ్రీలు దాటకుండా అరగంట నుంచి గంటన్నర ఉంచాలి, ముల్లు ముక్క లోపల ఉండిపోయిందేమో చూడాలి అని గాయం కడిగి, టీటీ ఇంజక్షన్ వేసి పంపారు. ఛాతీలోనో మెడలోనో పొట్టలోనో దిగితే మాత్రం పీకకుండా అలాగే ఆస్పత్రికి పరిగెత్తాలట. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో చేపల కూర లేదు, ఉప్మా.

సరే, ఇంత గొడవ చేసిన చేప ఎలా ఉందో చూద్దామని సింకులో పళ్ళెం పెట్టి కడిగి పరిచాం. రెండు ప్యాక్‌ల్లో కలిపి మొత్తం నాలుగు. పెద్దది నా జానెడు వెడల్పుంది, అన్నం తినే కంచంలో ఇమిడిపోతుంది. పైన మట్టిరంగు, మచ్చలూ గిచ్చలూ ఏం లేవు, అడుగున సున్నం కొట్టినట్టు తెలుపు. మూతి కొంచెం కోసుగా ఉంది. టేకు అంటే పొడుగాటి కొరడా తోక కదా మనకి తెలిసింది, వీటి తోక పొట్టి, ఒంటి కంటే కాస్త పొడుగంతే. కళ్ళు పైన బుడిపెల్లాగా, ఒక్కో కన్ను వెనక ఒక్కో చిల్లు. మా బుడ్డోడు అది చెవి అన్నాడు. చెవి కాదట, ముక్కు చేసే పని దానిది, బురదలో బోర్లా పడుకున్నప్పుడు కిందున్న నోట్లోంచి నీళ్ళు లాగితే బురదంతా లోపలికి పోతుంది, అందుకని పైనున్న ఈ చిల్లుల్లోంచి శుభ్రమైన నీళ్ళు లాగి కిందున్న మొప్పల సందుల్లోంచి వదులుతుంది. మొప్పల సందులు పక్కకి ఐదు, లెక్కపెట్టాం, కత్తితో గీసినట్టున్నాయి. నోటి చుట్టూ సూది గుచ్చినట్టు చిన్న చిన్న రంధ్రాలు, వాటిల్లో జెల్లీ ఉంటుందట, బురదలో దాక్కున్న రొయ్యకి గుండె కొట్టుకున్నా కండ కదిలినా పుట్టే పిసరంత కరెంటుని కూడా వాటితోనే పసిగడుతుంది. తన నోటి కింద ఏముందో కంటికి కనపడదు మరి, కళ్ళేమో పైనున్నాయి.

నోట్లో వేలు పెట్టి చూశా (చచ్చిన చేపేగా), పళ్ళు విడివిడిగా తగల్లేదు, ఆకురాయిలా గరుగ్గా ఉంది, రొయ్యల్నీ పీతల్నీ నలపడానికి. వీపు మధ్యలో మాత్రం నున్నగా లేదు, తలనుంచి తోక వైపు పట్టీలాగా చిన్న చిన్న పొలుసులు గట్టిగా పేర్చినట్టున్నాయి. ఈ పొలుసుల దగ్గరే దాని పేరుంది, చెప్తా.

బోన్‌లెస్ అన్నది మాత్రం అబద్ధం కాదు, అలా అని నిజమూ కాదు. దీనికి ఎముకలుండవు, అస్థిపంజరమంతా మృదులాస్థే, మన చెవి డొప్పలో ఉండేదిలాంటిది. రెక్కల్లో అవి విసనకర్ర పుల్లల్లాగా వరసగా ఉంటాయి, ఉడికితే కరకరలాడతాయి, ముసలాళ్ళూ పిల్లలూ కూడా నమిలేస్తారు. కానీ ఫిల్లెట్‌లాగా ముక్కలో ఏమీ తగలదేమో అనుకుని కొంటే మోసపోతారు.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగింట్లో ఒకదానికి తోక మొదట్లో అటూ ఇటూ రెండు కాడల్లాంటివి ఉన్నాయి, గట్టిగా, చిటికెన వేలంత. మా అమ్మాయి కిసుక్కున నవ్వి ‘అమ్మా ఇది మగది, అవి క్లాస్పర్లు, అవి గట్టిపడ్డాయంటే పెద్దదైపోయినట్టే, ఇది బేబీ కాదు’ అంది. నేను నమ్మలేదు. ఇంత చిన్నది పెద్దదెలా అవుతుంది, టేకులు మంచమంత ఉంటాయి కదా. అత్తగారు అప్పటికే ఇంకోదాన్ని తిరగేసి పొట్ట కోశారు. కోసి ఆగిపోయారు.

లోపల ఎడమ పక్కన సంచీ. సంచీలో పిల్ల. రెండు రెక్కలూ పైకి మడుచుకుని, మసాలా దోసె మడతపెట్టినట్టు, తోక ముందుకి తిప్పి పొట్ట మీద వేసుకుని ఉంది. మడత విప్పితే నా అరచేతిలో సరిగ్గా సరిపోయింది. కళ్ళున్నాయి, కళ్ళ వెనక చిల్లులున్నాయి, తోక మీద బియ్యపు గింజంత ముల్లు కూడా ఉంది, మెత్తగా, తొడుగు వేసుకుని, తల్లిని గుచ్చకుండా. ఇంకో పది పదిహేను రోజులు ఆగితే పుట్టేదేమో అనిపించింది చూస్తే.

‘ఏటమ్మా ఇది, పిల్ల టెంకని తెచ్చేవు, ఇది తల్లి టెంకి. కడుపుతో ఉన్నదాన్ని తెచ్చి బాలింతకి పెడతావేటి’ అన్నారు అత్తగారు. నేను తెచ్చానా, యాప్ తెచ్చింది. ఆడపడుచు గదిలోంచి ఏమైందొదినా అని అడుగుతోంది, ఏం లేదమ్మా పడుకో అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆ సంచీ లోపలి గోడ ఎలా ఉందో చెప్పాలి, నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నున్నగా ఉంటుందనుకుంటాం కదా, కాదు, తువ్వాలు నూలు పోగుల్లాగా సన్నటి వేళ్ళు వేళ్ళుగా ఉన్నాయి, వాటి మధ్య పాలలాంటి జిగురు. టేకులు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి, కానీ మనకి ఉన్నట్టు మాయ ఉండదు, మొదట్లో గుడ్డు సొన తిని పెరిగిన పిల్లకి తర్వాత ఈ పోగుల్లోంచి కొవ్వూ ప్రొటీనూ ఉన్న పాలు ఊరతాయి, కడుపులోనే తాగుతుంది. పాలు పడతాయని టెంకి పెట్టే మన పెద్దవాళ్ళు ఎప్పుడో దీన్ని కోసి చూసే ఆ మాట అన్నారేమో, నా ఊహే, డాక్టర్ని అడగలేదు. మిగతా పెద్ద టేకుల్లో కొన్ని ఒక ఈతలో నాలుగైదు పిల్లల్ని పెడతాయి గానీ ఈ చిన్న జాతులకి ఒకటి, మహా అయితే రెండు. అంతకు మించి ఆ పొట్టలో చోటెక్కడ.

ఫోటోలు తీసి మా అమ్మాయి వాళ్ళ జువాలజీ మేడమ్‌కి పంపింది. మేడమ్ రాత్రి పదింటికి జవాబిచ్చారు, అది బెంగాల్ విప్‌రే, సైంటిఫిక్ పేరు బ్రెవిట్రైగాన్ ఇంబ్రికాటా. పొట్టి తోకని బట్టి, వీపు మీద పొలుసుల పట్టీని బట్టి చెప్పారట. బ్రెవి అంటే పొట్టి, ట్రైగాన్ అంటే టేకు. ఇంబ్రికాటా అంటే లాటిన్లో పెంకులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి కప్పినట్టు, అదే ఆ వీపు మీది పొలుసులు, మన పెంకుటిల్లు కప్పు గుర్తు తెచ్చుకోండి. 1801లో బ్లాక్, ష్నైడర్ అనే ఇద్దరు జర్మన్లు ఆ పేరు పెట్టారు, తమిళనాడులోని తరంగంబాడి నుంచి వెళ్ళిన చేపని చూసి. బ్రెవిట్రైగాన్ అని విడిగా ఒక ప్రజాతిగా (జీనస్) తీసి పెట్టింది మాత్రం 2016లోనే, అంతకుముందు దీన్ని పెద్ద పెద్ద కొరడా తోకల టేకుల్తో కలిపేసి హిమంటూరా అనేవారు. పెరిగి పెరిగి పాతిక సెంటీమీటర్ల చుట్టుపక్కల వెడల్పు, అంతే దీని బతుకు. బంగాళాఖాతం ఒడ్డున లోతు తక్కువ బురద నేలల్లో, ఏరు వచ్చి కలిసే మొగల దగ్గర ఉంటుంది. అంటే మన ఇంటి ముందరి చేప.

దీనికి దగ్గర చుట్టం ఒకటుంది, బ్రెవిట్రైగాన్ వాల్గా అని, రెండూ చూడ్డానికి అచ్చు ఒకేలా ఉంటాయి. ఆ వాల్గా పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసి నాకు ఆ రాత్రి ఇంకాసేపు నిద్ర పట్టలేదు. రక్తపింజరికి రస్సెల్స్ వైపర్ అని ఎవరి పేరు పెట్టారో ఆ ప్యాట్రిక్ రస్సెల్, కంపెనీ దొరల కాలంలో డాక్టరు, 1780ల్లో మన విశాఖపట్నంలో ఉన్నాడు. ఇక్కడ జాలర్లు తెచ్చిన చేపల్ని బొమ్మలు వేయించి, 1803లో లండన్లో రెండొందల చేపలతో రెండు భాగాల పుస్తకం అచ్చేయించాడు. అందులో చేపలకి ఆయన సొంత పేర్లు పెట్టలేదు, ఇక్కడివాళ్ళు చెప్పినవి చెవికి వినబడ్డట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. పాల సొర్ర ఉంది. పండుమీను ఉంది. టేకుల దగ్గరకొస్తే వోల్గ టెంకీ, ఈల్ టెంకీ, ఇసకర్ర టెంకీ, ఇలా వరసగా టెంకీలు! అత్తగారికి చదివి వినిపిస్తే ‘మరేటనుకున్నావు’ అన్నారు, అంతే, ఆశ్చర్యమేం లేదు ఆవిడకి. ఆ వోల్గ టెంకీ నుంచే 1841లో ముల్లర్, హెన్లే అనే జర్మన్లు వాల్గా అనే పేరు తీసుకున్నారు. అంతకు నాలుగేళ్ళ ముందు రుప్పెల్ అనే ఇంకొకాయన ఈల్ టెంకీని ఏకంగా కలిపేసి ఒక చేపకి ఈల్‌టెంకీ అనే పేరే పెట్టాడు.

అంటే రెండొందల ఏళ్ళ కిందట మన జాలర్ల దగ్గర ఒక్కో టేకుకి ఒక్కో పేరుంది, ఇంత పెద్ద యాప్‌లో ఇప్పుడు ఉన్నవి రెండే: ‘స్టింగ్‌రే’, ‘బేబీ స్టింగ్‌రే’. పెద్దదైతే స్టింగ్‌రే, కంచంలో పడితే బేబీ. ఇది తెలియక చేసిన పొరపాటు అనుకుని మర్యాదగానే రాశా కస్టమర్ కేర్‌కి. ఇది బేబీ కాదండీ, పెద్దదే, అది వేరే జాతి, కడుపులో పిల్ల కూడా ఉంది, ఫోటో పెడుతున్నాను, పేరు మార్చండి, తోక తీసి పంపండి అని. జవాబు యథాతథంగా: ‘హాయ్! మీ ఆర్డర్లో ఎక్స్‌ట్రా ఐటమ్ వచ్చినందుకు సారీ.’ ఎక్స్‌ట్రా ఐటమ్! కింద యాభై రూపాయల కూపన్, 499 పైన కొంటేనే పనిచేస్తుంది.

శనివారం పొద్దున్న ఐదున్నరకి హార్బర్‌కి నేనే వెళ్ళా, ఈసారి ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు, కోపం వల్ల అనుకుంటా. వేలం అయిపోతున్న టైము, కాళ్ళ కింద నీళ్ళు, బుట్టలు. పెద్ద టేకులు బోర్లా తిప్పి పరిచి ఉన్నాయి, ఒక్కదానికీ తోక లేదు. చిన్నవాటిని చూడాలంటే మాత్రం కలగలుపు కుప్పలు వెతకాలి, చిన్న రొయ్య, ముక్కుపొడుం డబ్బాలంత పీతలు, నాలుక చేపలు, వాటి మధ్య మన పెంకుల టెంకి. ముక్కు దగ్గర పెట్టుకుని చూశా. సముద్రం వాసన, అంతే.

కోసిచ్చే పిన్ని ఒకావిడ కత్తిపీట ముందు కూర్చుని ఉంది. కవరు చీల్చుకుని ముల్లు వచ్చిన కథ చెప్తే నవ్వింది. ‘తోక బోటు మీదే కోసి పడేత్తారమ్మా, మీకు పంపినోడు ఎవుడో గానీ చేప ముఖం చూసినోడు కాడు’ అంది. కడుపులో పిల్ల సంగతి చెప్తే నవ్వలేదు. వలలో పడి పైకి లాగేసరికే చాలా టెంకిలు పిల్లల్ని ఈనేస్తాయట, బోటు మీదే, అవి బతికే పుట్టినా పెద్ద వేటలో వాటినెవరు చూస్తారు, చీపురుతో తోసేస్తారు. మేడమ్‌ని అడిగితే నిజమే, బెదురుకి, ఒత్తిడికి అలా పడేస్తాయి, లెక్కల్లో చచ్చింది ఒక తల్లే కనిపిస్తుంది అన్నారు. పిన్ని ఇంకో మాట కూడా అంది, ఒకప్పుడు ఈ చిన్న టెంకిలు ఎండబెట్టడానికో కోళ్ళ దాణాకో పోయేవి, పట్టించుకునేవాళ్ళు లేరు, ఇప్పుడు ‘కంచం సైజు’ కావాలని ఏరించి కొనేవాళ్ళు వచ్చారట.

నాకు ఈ ముక్క దగ్గరే యాప్ మీద కోపం ఎక్కువైంది. చేపలు తినొద్దని నేను చెప్పను, మా ఇంట్లో వారానికి మూడు రోజులు నీచు. కానీ ఇది వేలకి వేలు గుడ్లు పెట్టే కవళ్ళూ కానాగంతల్లాంటి చేప కాదు, ఈతకి ఒకటి, మహా అయితే రెండు పిల్లలు. అది ఉండేదేమో ఒడ్డుకి దగ్గర బురదలో, అడుగుని ఊడ్చుకుంటూ పోయే ట్రాల్ వల సరిగ్గా అక్కడే తిరుగుతుంది. మన రాష్ట్రంలో 1994 చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదు, ఆ నీళ్ళు తెప్పలకీ నాటుపడవలకీ. అది గట్టిగా అమలైతే ఈ చిన్న టెంకికి అంతకంటే పెద్ద రక్షణ ఇంకోటి అక్కర్లేదు, దాని ఇల్లే ఆ ఎనిమిది కిలోమీటర్లు. ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో, అంటే ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే ప్రపంచ జాబితాలో, దీన్ని వల్నరబుల్ అని పెట్టారు, అంటే ముప్పు మొదలైనట్టు. తోక మీద తెల్లచారలుండే గెరార్డి అనే ఇంకో టేకు, అదే యాప్‌లో క్యూబ్స్ చేసి అమ్మేది బహుశా అదే, ఎండేంజర్డ్, అంటే ముప్పు ఇంకో మెట్టు ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద 2021లో లెక్క తీస్తే సొరలూ టేకుల జాతుల్లో మూడో వంతుకి పైగా ముప్పులో ఉన్నాయి, కారణం ముఖ్యంగా వేటే.

అసలు టేకుల్లో కొనకూడనివి, అమ్మకూడనివి కూడా ఉన్నాయి, ఇది యాప్‌వాళ్ళయినా చదువుకుని ఉండాలి. ముళ్ళ టేకు అని ఒకటి, పోర్క్యుపైన్ రే, వీపంతా పల్లేరుకాయలు అతికించినట్టుంటుంది, విచిత్రమేంటంటే తోకకి మాత్రం విషపు ముల్లు ఉండదు. దాన్ని 2001లోనే వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో పెట్టారు, పులితో సమానంగా. తిమింగల సొర కూడా అదే సంవత్సరం చేరింది. 2021 డిసెంబరులో తంతడి బీచ్‌కి పెద్ద తిమింగల సొర వస్తే అటవీశాఖవాళ్ళూ జాలర్లూ కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపారు కదా, మనందరం వీడియోలు షేర్ చేశాం, అదీ ఈ చట్టం వల్లే. మరి తోలు తీసి, తోక తీసి, క్యూబులు కోసి ‘రే’ అని స్టిక్కరేస్తే అది ఏ టేకో మనకేం తెలుస్తుంది, వాళ్ళకేం తెలుస్తుంది. కోసిన తర్వాత టేకులన్నీ ఒకటే.

కాబట్టి యాప్‌వాళ్ళు చేయాల్సిందల్లా నాలుగు ముక్కలు. బేబీ అనే మాట తీసెయ్యండి. జాతి పేరు రాయండి, కనీసం కొయ్యకముందు ఫోటో పెట్టండి. తోక తీసి పంపండి, మా ఆయన వేలికి ఇంకా మచ్చ పోలేదు. ఐస్ సరిపడా వెయ్యండి. వంజరానికి వేసే ఐసే దీనికీ వేస్తే చాలు, ఇంకా ఎక్కువ అవసరం దీనికే.

కొనేవాళ్ళకి: వాసన ఘాటుగా ఉంటే వెనక్కిచ్చెయ్యండి, నిమ్మకాయ పిండితేనో చింతపండు నీళ్ళలో నానబెడితేనో కొంత పోతుంది గానీ పాడైన చేప మళ్ళీ తాజాది అయిపోదు. చిన్న టేకు కొంటే మగవాటిని ఏరుకోండి అని ఎవరో సలహా ఇచ్చారు, తోక మొదట్లో కాడలుంటే మగది, చూడ్డం కష్టం కాదు, నేనైతే ఈ జాతిని ఇంక ఏదీ కొనట్లేదు. పాలసొర కూడా వద్దని మేడమ్ అన్నారు గానీ ఆ మాట అత్తగారికి ఎవరు చెప్తారు, మీరు చెప్పండి.

ఆ నాలుగూ ఏమయ్యాయంటారా, తల్లిని, పిల్లని అత్తగారు కొబ్బరిచెట్టు మొదట్లో పాతించారు, మిగతా మూడింటిని వాసనకి వీధి పిల్లులు కూడా ముట్టుకోలేదు. బాలింతకి చివరికి ములగాకు కూర, వెల్లుల్లి కారం. పాలకేం లోటు రాలేదు, గుంట బాగానే బొద్దుగా ఉంది.

పోస్ట్ చేసే ముందు ఒకసారి యాప్ తెరిచి చూశా. నా ఫోటోలు ఎవరో చూసినట్టున్నారు, ‘బేబీ స్టింగ్‌రే’ లేదిప్పుడు. అదే అరిటాకు, అదే నిమ్మచెక్క, అదే ఫోటో, కింద ‘మినీ స్టింగ్‌రే’ అని రాసుంది. అరకిలో 309.